గరివిడి బుగ్గి, సోంపేట బీల

విజయనగరం దాటి నెల్లిమర్ల వదిలాక రైలు కిటికీలోంచి నేల రంగు మారడం తెలుస్తుంది. కోసేసిన వరి మళ్ల మధ్య ఎర్రమట్టి, ఎర్రమట్టి మధ్య అక్కడక్కడ నల్లటి దిబ్బలు. గరివిడి దగ్గరపడేకొద్దీ నలుపే ఎక్కువవుతుంది. అది మాంగనీసు. ఇక్కడి కోడూరు గనుల్లో 1892లో తవ్వకం మొదలైంది. మన దేశంలో మాంగనీసు తవ్వకాల చరిత్ర అక్కణ్ణించే లెక్క. భూగర్భ శాస్త్రవేత్త ఎల్. ఎల్. ఫెర్మర్ ఇక్కడి ఒక రాతికి కోడురైట్ అని పేరు పెట్టాడు. ఒక చిన్న ఊరి పేరు అలా ప్రపంచమంతా చదివే శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది.

సంక్రాంతి సందడి ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో బయల్దేరాను. హౌరా మెయిన్ లైను మీద విజయనగరం నుంచి సోంపేట దాకా ఆగుతూ వెళ్లాలని, గాలి గురించి కేసులు ఎక్కడ పుట్టాయో, పుట్టాల్సిన చోట ఎందుకు పుట్టలేదో చూడాలని. నేను మొదట చదివింది ఇంజనీరింగ్. కొన్నేళ్లు ఫ్యాక్టరీ చిమ్నీలకు ధూళి పట్టే బ్యాగ్ ఫిల్టర్లు డిజైన్ చేశాను. కాగితం మీద నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ధూళి పట్టే ఫిల్టరు, రాత్రిపూట కరెంటు ఆదా కోసం ఫ్యాను ఆపేస్తే ఏమీ పట్టదు. ఆ సంగతి ఇంజనీరుకు తెలుసు, కోర్టుకు చేరదు. చేరవేయాలనే పట్టుదలతోనే లా చదివి నల్లకోటు వేసుకున్నాను. ఇప్పుడు నా పనంతా గాలి, నీరు, నేల కేసులే.

గరివిడి స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నా భుజాన సంచీ చూసి, "సర్వేకొచ్చారేటి బాబూ?" అన్నాడు.

"కాదండీ, లాయర్ని. గాలి పాడైతే కేసులు వేస్తుంటాను."

"గాలికి కూడా కేసుంటాదేటి?"

ఉంటుందన్నాను, 1981లోనే చట్టం వచ్చిందన్నాను. ఆయన నమ్మలేదు. గ్లాసు కింద పెట్టి, వీధి చివర బంధువుల ఇంటికి తీసుకెళ్లాడు. ఆ ఇల్లాలు కిటికీ గడప మీద వేలు పెట్టి గీసి, చెయ్యి నా ముందు చాపింది. "పొద్దున్నే తుడిసినానండి. మళ్లీ సూడండి, ఎంత బుగ్గో."

నేను దగ్గరగా చూశాను. వేలి మీద రెండు రకాల ధూళి ఉంది. ఒకటి గరుగ్గా, గింజలుగా, ఊదితే ఎగిరిపోయేది. అది దిబ్బల మట్టి కావచ్చు, లారీలు లేపిన రోడ్డు దుమ్ము కావచ్చు. రెండోది ఊదినా పోదు. వేలి గీతల్లోకి దిగి, నూనె పూసినట్టు సన్నటి మెరుపుతో అంటుకుని ఉంది. ఆవిడ చీర చెంగుతో తుడుచుకుంది. గింజలు పోయాయి, గీతలు నల్లగానే మిగిలాయి. పెద్ద గింజ ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. గీతల్లో నిండేంత సన్నటిది ఊపిరితిత్తుల లోతు దాకా దిగిపోతుంది. మిశ్రలోహాలు తీసే ఫెర్రో అల్లాయ్స్ కొలిమిలో ఖనిజం కరిగేటప్పుడు లోహం ఆవిరై, బయటి గాలి తగలగానే అతి సన్నటి రేణువుగా గడ్డకడుతుంది. అలాంటి మిశ్రలోహమే అయిన సిలికో మాంగనీసు ఒక టన్ను తియ్యడానికి సుమారు 4,000 యూనిట్ల కరెంటు కావాలంటే ఆ కొలిమి వేడి ఎంతో ఊహించవచ్చు.

అయితే ఆ వేలి మీది నలుపు కొలిమిదేనని నేను ప్రమాణం చెయ్యలేను. చలికాలపు పొద్దుట నేల చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటుంది. వంటింటి పొగ, రోడ్డు దుమ్ము, గని దిబ్బల మట్టి, కొలిమి పొగ అన్నీ ఒకే పొర కింద చిక్కుకుని ఊరి మీద నిలబడిపోతాయి. కంటితో విడదీయలేం. ఫిల్టర్ కాగితం పెట్టి గాలి లాగి, దాని మీద పేరుకున్న దాంట్లో ఏ లోహం ఎంతుందో ప్రయోగశాలలో చూస్తే దేని వాటా ఎంతో చెప్పవచ్చు. మన జాతీయ ప్రమాణాల ప్రకారం ఏడాది సగటు లెక్కకు కనీసం 104 కొలతలు కావాలి, వారానికి రెండుసార్లు, ఒక్కోటి ఇరవై నాలుగు గంటల చొప్పున. ఈ వీధిలో ఎవరు కొలుస్తారు?

కొలిచారే అనుకుందాం. ఇక్కడే నన్ను చాలాకాలంగా కలవరపెడుతున్న చిక్కు ఉంది. 2009 నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ వాయు ప్రమాణాల్లో పన్నెండు కాలుష్యకాలున్నాయి. గంధక, నత్రజని డయాక్సైడ్లు, రెండు రకాల ధూళి, ఓజోన్, సీసం, కార్బన్ మోనాక్సైడ్, అమోనియా, బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్. మాంగనీసు లేదు. వందేళ్లకు పైబడి మాంగనీసు తవ్వుతున్న నేల మీద, ఊరి గాలిలో మాంగనీసు ఇంతకు మించకూడదని చెప్పే అంకె మన జాబితాలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కోసం 2000లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ అంకె ఉంది: ఘనపు మీటరు గాలికి ఏడాది సగటున 0.15 మైక్రోగ్రాములు.

మన దేశానికి ఈ విషం తెలియక కాదు. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు కాలం నుంచే, వైద్యుడు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన వృత్తి వ్యాధుల్లో మాంగనీసు విషం ఒకటి. గ్లాస్గోలో కూపర్ అనే వైద్యుడు 1837లోనే ఖనిజం నూరే కూలీల్లో ఈ జబ్బును గుర్తించి రాశాడు. నడక తడబడడం, మాట సన్నగిల్లడం, ముఖంలో కదలిక తగ్గడం, చూడ్డానికి పార్కిన్సన్స్ లాగే ఉంటుంది. కాబట్టి గేటు లోపలి కార్మికుడికి వస్తే చట్టానికి అది జబ్బే. గేటు బయట గడప తుడిచే ఇల్లాలి దగ్గరికి వచ్చేసరికి అదే పదార్థం మొత్తం ధూళి బరువులో కలిసిపోయి పేరు లేకుండా పోతుంది. ధూళి బరువు పరిమితి లోపల ఉందంటే ఫైలు మూసేయవచ్చు. పరిశ్రమ నడవడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సమ్మతి పత్రంలో ప్రత్యేక షరతు పెట్టించడం ఒక్కటే ఇక్కడ నాకు కనిపించే దారి. కొలత లేకుండా ఆ షరతు అడగడమూ కష్టమే. పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే ముందు ఆ కాయితం యంత్రం తేవాల, అంతేగదా?" అన్నాడు. అంతే.

చీపురుపల్లి, పొందూరు దాటుకుంటూ శ్రీకాకుళం రోడ్డులో దిగాను. దేశంలో ధూళి ప్రమాణాలు వరసగా మీరుతున్న నగరాల కోసం 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి పదమూడు ఊళ్లున్నాయి. వాటిలో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. ఈ మాట చెబితే ఇక్కడి స్నేహితులే ఆశ్చర్యపోయారు. ఢిల్లీ మాటే గానీ మన గురించి కాదనుకుంటారు. ఆ కార్యక్రమం మునిసిపాలిటీ హద్దులకు లోబడి రోడ్లు తడపడం, చెత్త తగలబెట్టకుండా చూడడం లాంటివి చేస్తుంది. గరివిడి వీధి దాని లెక్కలోకి రాదు. రణస్థలం వైపు పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీల మధ్య సాయంత్రం నిలబడితే తగిలే ఘాటు వాసనా రాదు. వాసనకు మన ప్రమాణాల్లో అంకె లేదు.

తిలారు, కోటబొమ్మాళి దాటి నౌపడ. ఉప్పు మళ్లు మొదలవుతాయి. అక్కడ దిగి తేలినీలాపురం వెళ్లాను. చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. సెప్టెంబరులో వచ్చి మార్చి దాకా ఉంటాయి. ఊళ్లో వాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. పిల్లల మేతకు అవి ఎగిరేది నౌపడ చిత్తడి నేలల మీదికే. ఆ చిత్తడి నేలల్లోనే, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర, 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు తలపెట్టారు. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర దగ్గర పోలీసు కాల్పుల్లో జనం చనిపోయారు. ప్లాంటు పూర్తి కాలేదు. ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్లలో ఏముందో పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలో రాయాలన్నది నియమం. తేలినీలాపురంలో నాతో మాట్లాడిన రైతు ఏ పక్షి ఏ నెలలో ఏ మడుగుకు వెళ్తుందో వరసగా చెప్పాడు. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ అధ్యాయం రాయించాలి. రాసేవాళ్లు హైదరాబాదులో కూర్చుని రాస్తారు.

పలాసలో ఆగాను. కాశీబుగ్గ వీధుల్లో జీడిపిక్కలు వేగే వాసన, గొంతు పట్టే పొగ. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు జీడి నూనెతో నల్లగా పగిలి ఉన్నాయి. ఇటువంటి చోట చట్టం మాట్లాడడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే చిన్న బట్టీ మూయిస్తే ముందు ఆగేది ఆ వేళ్లకొచ్చే కూలి. ఆవిరితో ఉడికించే పద్ధతికి మారడానికి సొమ్ము సాయం చేయించడమే ఇక్కడ సరైన కేసు అని నా నమ్మకం. అక్కణ్ణించి ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరి తోటల్లో కొత్త మొక్కలు లేచాయి. ఇక్కడ ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బు గురించి ప్రతి ఊళ్లోనూ అడిగారు, ఎవరి మీద కేసు వెయ్యాలని. కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. తేలకుండా ఒకరి పేరు రాయలేను. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఇళ్లకు వంశధార నీరు వచ్చాయి. ఆ రెండూ ఏ కోర్టూ ఇచ్చినవి కావు, జనం అడిగి తెచ్చుకున్నవి.

సోంపేట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఈ ప్రయాణంలో నేను చూడాలనుకున్నది ముఖ్యంగా బీల. సోంపేట, కంచిలి, కవిటి మండలాల మధ్య పరుచుకున్న లోతట్టు తడి నేల. జనవరిలో కూడా నీళ్లున్నాయి. అంచుల్లో వరి, మధ్యలో తుంగ, కలువలు, చిన్న పడవ మీద వల విసురుతున్న ఒక మత్స్యకారుడు. గట్టు మీద నిలబడితే కాళ్ల కింద మట్టి మెత్తగా దిగుతుంది. ఈ నేలను కాగితాల మీద పనికిరాని భూమిగా చూపి, 1,980 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించారు. 2009 డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది.

గట్టు మీద కూర్చుని ఒక లెక్క వేసుకున్నాను. 1,980 మెగావాట్లు రోజంతా నడిస్తే దాదాపు నాలుగు కోట్ల డెబ్బై అయిదు లక్షల యూనిట్లు. మన దేశపు బొగ్గయితే యూనిట్‌కు సుమారు 700 గ్రాములు. అంటే రోజుకు ముప్పై వేల టన్నులకు పైనే. అందులో మూడో వంతు బూడిద. రోజుకు పదివేల టన్నులు, ఈ నీళ్ల పక్కన. ఇక పొగ. అప్పట్లో థర్మల్ ప్లాంటు చిమ్నీలోంచి వచ్చే గంధక వాయువుకు పరిమితి అంటూ లేదు. 500 మెగావాట్లు, ఆపైన యూనిట్లకు చిమ్నీ 275 మీటర్ల ఎత్తుండాలన్న నియమం మాత్రమే ఉండేది. ఎత్తున వదిలితే దూరం పోయి పలచబడుతుందని నమ్మకం. పరిమితి 2015 డిసెంబరులో వచ్చింది. గడువులు పొడిగిస్తూ పోయి, 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకు దాన్నుంచి మినహాయింపే ఇచ్చేశారు. ఇది నాకు మింగుడుపడలేదు.

సముద్రం పక్కన ఆ ఎత్తు నమ్మకం కూడా సరిగ్గా పనిచెయ్యదు. బారువ తీరం ఇక్కడికి ఎంతో దూరం లేదు. పగలు సముద్రపు చల్లగాలి నేల మీదికి వస్తుంది. నేల వేడికి ఆ గాలి అడుగున కలతపడి, లోపలికి వచ్చేకొద్దీ ఆ కలత పొర మందమవుతుంది. తీరం దగ్గర చిమ్నీ పొగ మొదట ఆ పొర పైన ప్రశాంతంగా సాగిపోతుంది. కొన్ని కిలోమీటర్లు లోపలికి వెళ్లాక పొర పెరిగి పొగను అందుకుని ఒక్కసారిగా నేలకు దించుతుంది. ఆ దిగే చోట ఊళ్లుంటాయి. తీరప్రాంతపు నివేదికల్లో నేను ముందుగా వెతికేది ఈ లెక్క వేశారా లేదా అన్నదే.

సోంపేట జనం ఈ లెక్కలన్నీ చదివి లేవలేదు. బీల పోతే నీళ్లు పోతాయని, తరాల నుంచి తమకు తెలిసినదాని మీద నిలబడ్డారు. వైద్యుడు వై. కృష్ణమూర్తి లాంటి స్థానికులు పర్యావరణ పరిరక్షణ సంఘంగా ఏర్పడ్డారు. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసిన ఇ.ఎ.ఎస్. శర్మ వంటి లెక్కలు తెలిసినవాళ్లు లేఖల మీద లేఖలు రాశారు. ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందు అప్పీలు నడిచింది. వాదన తేలిక మాటల్లో ఇది: కాగితంలో రాసిన నేల, కళ్లముందున్న నేల ఒకటి కావు. 2010 జులై 14న బీలలోకి యంత్రాలు దింపినప్పుడు జనం అడ్డుకున్నారు, పోలీసులు కాల్చారు, రైతులు చనిపోయారు. ఆ రోజే ఢిల్లీలో ఆ అథారిటీ అనుమతిని కొట్టేసింది. స్థల కేటాయింపు 2015లో రద్దయింది.

ఆ రెండు సంగతులు ఒకే తేదీన జరగడం గురించి గట్టు మీద నాతో ఉన్న రైతును అడిగాను. "తీర్పు ఒక్క రోజు ముందొస్తే మావోళ్లు బతికుండేవోళ్లు" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. వృత్తిరీత్యా ఎన్నో గడువులు చూశాను. ఇంత బరువైన గడువు మరొకటి తెలీదు.

చట్టం, ఇంజనీరింగ్ ఒకే బల్ల మీద కూర్చోవాలని ఈ దేశంలో గట్టిగా చెప్పిన తీర్పు మన తెలుగు నేల కేసులోదే. హైదరాబాదు హిమాయత్ సాగర్ దగ్గర నూనెల ఫ్యాక్టరీ గురించి ఏపీ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడికీ నడిచిన వివాదంలో, 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు సుప్రీంకోర్టు తరఫున రాశారు: శాస్త్రం తేల్చని చోట ముందుజాగ్రత్తే సూత్రం, హాని లేదని చూపాల్సింది పరిశ్రమ పెట్టేవారే, శాస్త్రం తెలిసినవాళ్లు లేకుండా జడ్జీలు ఒక్కరే ఇలాంటివి తేల్చలేరు. తరవాత ఆయనే అధ్యక్షులుగా లా కమిషన్ 2003లో పర్యావరణ కోర్టులు కావాలని నివేదిక ఇచ్చింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. అక్కడ జడ్జి పక్కన, ఎం.టెక్. చదివి పదిహేనేళ్ల అనుభవమున్న ఇంజనీరు సభ్యుడిగా కూర్చోవచ్చు. సాక్ష్య చట్టం బిగువు కూడా లేదు. రైతు తన ఫోనులో తీసిన ఫొటోనూ చూస్తారు. మన బెంచి చెన్నైలో. సోంపేటలో ఎక్కితే ఇదే మెయిన్ లైను మీద రాత్రి గడిచేదాకా ప్రయాణం.

ఆ ట్రిబ్యునల్ చట్టంలో ఒక్కటే కఠినం. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు ముప్పై రోజులు. తగిన కారణం చూపితే మరో అరవై. ఆపైన తలుపు మూసేస్తారు. నివేదిక వందల పేజీలు, ఇంగ్లీషులో. తెలుగులో ఇచ్చేది సారాంశం. ఊరివాళ్లు చేతికందినది చదివి, అర్థమయ్యేవాళ్లని వెతికి, చందాలు పోగేసేలోపు సగం కేసులు పుట్టకముందే చచ్చిపోతాయి. నేను ఈ జిల్లాలకు రావడం ఇందుకే. ఇక్కడ ధైర్యానికి కొరత లేదు. గడువులోపు నివేదిక తెరిచి, అనుబంధం తిరగేసి చూపే మనుషులు కావాలి.

సాయంత్రం సోంపేట బస్టాండు దగ్గర హోటల్లో ఒక కుర్రాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. లోపలి మండలంలో వాళ్ల ఊరి కొండకు క్వారీ అనుమతి వచ్చిందట. ఫోనులో ఉత్తర్వు చూపించాడు. తేదీ చూశాను. ముప్పైలో పందొమ్మిది రోజులు అయిపోయాయి.

"నివేదిక ఉందా బాబూ?"

"ఉంది సార్, మూడొందల పేజీలు. మొదటి పది సదివినాను."

"మొదటి పదిలో ఏమీ ఉండదు. వెనక అనుబంధం తియ్యి."

గాలి కొలిచిన పట్టిక తీశాం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కొలిచారు, అంటే ఈశాన్యపు గాలి వీచే కాలం. కొలిచిన చోట్లలో వాళ్ల ఊరి గుడి ఒకటి. కుర్రాడు పటం పెద్దది చేసి చూసి, "ఈ గుడి కొండకి అవతలుంది సార్, మా ఇళ్లన్నీ ఇవతల. ఎండాకాలం గాలి అటు నుంచి మా మీదికే కొడతాది" అన్నాడు. టేబుల్ మీద బిల్లు వెనక కొండ గీసి, గుడి గీసి, గాలి బాణం గీశాడు. ఇవతల బడి, అంగన్‌వాడీ, మంచినీళ్ల బావి ఎక్కడెక్కడో గుర్తులు పెట్టడం మొదలుపెట్టాడు. నేను సర్వరును ఇంకో రెండు కాఫీలు, నాలుగు తెల్ల కాగితాలు అడిగాను.